తుమ్మినవారితో ఏమనవలెను?

దేవుని నమ్మని కుటుంబములలోని పిల్లలు, పదిమందిలో ఎవరైన తుమ్మినప్పుడు ఏమనవలెనో తెలియక ఊరకుండుటయు, ఊరకున్నందుకు మర్యాద తెలియనివారనిపించుకొనుటయు అప్పుడప్పుడు జరుగుచున్నది. మరికొందరు పిల్లలు నమ్మికతో నిమిత్తము లేకయే ‘బ్లెస్ యూ’ అని ఆంగ్లమున పలుకుచు, తెలుగులో ఈ సందర్భమునకు తగిన మాటయే లేదనుకొనుచున్నారు. రెండవది మాకు మొదటిదానికంటె ఎక్కువ విచారము కలిగించుచున్నది. అందుచే విద్యార్థులకును తల్లిదండ్రులకును ఈ విషయమును కొంత తెలియజెప్పవలెనని పూనుకొంటిమి.

ముందుగా తుమ్మనగా ఏమో చూతము. ముక్కులోపలి పొర మిక్కిలి సుకుమారమైనది. దుమ్ము, పొగ, పుప్పొడి, పోపులోని మిరపకాయల ఘాటు దానికి సోకినంతనే ఆ వార్త నాడుల ద్వారా మెదడునకు చేరును. వెంటనే మనము లోతుగా ఊపిరి పీల్చుకొందుము. గొంతులోని గాలిదారి మూసికొనును. రొమ్ము, పొట్ట కండరములు బిగిసి లోపలి గాలిని ఒత్తును. దారి తెరచుకొనగానే ఆ గాలి ముక్కునుండియు నోటినుండియు వేగముగా వెడలును. ఇందు మన యిచ్ఛకు తావు లేదు. కొందరికి చీకటిగదినుండి ఎండలోనికి వచ్చినంతనే తుమ్ము వచ్చును. అది తల్లిదండ్రులనుండి బిడ్డలకు సంక్రమించు లక్షణము. తుమ్మినప్పుడు గుండె ఒక క్షణము ఆగునని పలు దేశములవారు చెప్పుకొందురు గాని అది నిజము కాదు. రొమ్ములోని ఒత్తిడి మారుటచే గుండె లయ ఒకింత మారవచ్చును, అంతే.

ఇంతమాత్రపు దేహక్రియకు మనవారు శకునమును తగిలించిరి. గడప దాటబోవు సమయమున ఒంటితుమ్ము వినబడిన ఆగి, కూర్చుండి, మంచినీళ్ళు త్రాగి మరల బయలుదేరుట మన యిండ్లలో ఉన్నదే. రెండు తుమ్ములైన మంచిదందురు. పెద్దలు ఒక్క నిమిషము కూర్చుండి నీళ్ళు త్రాగినందువలన నష్టమేమియు లేదు, ఎండకాలమున లాభమే. కాని తుమ్మిన పసివానిని “ఇప్పుడే తుమ్మవలెనా?” అని గద్దించుట మాత్రము అన్యాయము. పడిశము పట్టిన పిల్లవాడు ఏమి చేయగలడు? గద్దింపునకు భయపడి ముక్కును, నోటిని గట్టిగా మూసికొని తుమ్మును లోపలనే అణచుకొనును. అట్లు అణచుకొనుట వలన గొంతు లోపల చీలి, ఆసుపత్రిలో చేరవలసి వచ్చిన యొక యువకుని సంగతి 2018లో ఇంగ్లాండునందలి వైద్యపత్రిక యొకటి ప్రకటించినది. అరుదుగ జరుగునదే యైనను, తల్లిదండ్రులు గుర్తుంచుకొనదగినది.

తుమ్మినవారికి శుభము పలుకు ఆచారము ఎక్కడ పుట్టినదో ఎవరును చెప్పలేరు. 590వ సంవత్సరమున రోమునగరమును మహామారి పీడించుచుండగా పోపు గ్రెగరీ ‘దేవుడు నిన్ను దీవించుగాక’ అని పలుకుమని ఆజ్ఞాపించెనని ఒక కథ వ్యాపించియున్నది. కాని 79లో మరణించిన రోమను పండితుడు ప్లినీ, తుమ్మినవారికి మనము శుభము పలుకుట ఎందుచేతనని అప్పుడే ప్రశ్నించియున్నాడు. తిబేరియస్ చక్రవర్తి బండిలో ప్రయాణము చేయునప్పుడు సైతము ఈ మర్యాదను కోరెడివాడని ఆయనయే వ్రాసెను. కాబట్టి ఆచారము గ్రెగరీ కంటె చాల పాతది.

మన దేశమున ఇంకను ఆసక్తికరమైన సాక్ష్యములు కలవు. తిరుక్కుఱళ్ 132వ అధికారమున ఒక నాయిక అలిగి మాటాడక కూర్చుండును. నాయకుడు తుమ్మును. తుమ్మినచో ఆమె ‘చిరకాలము జీవింపుము’ అనక తప్పదని, ఆ విధముగ మౌనము చెడునని అతని యుపాయము! మరియొక పద్యమున ఆమె అట్లు దీవించియు, వెంటనే ‘ఎవరు తలచుకొనగా తుమ్మితివి?’ అని కన్నీరు పెట్టుకొనును. నేటికిని మన యిరుగుపొరుగు తమిళులు పిల్లలు తుమ్మగానే ‘నూఱు’ అనియు, రెండవసారి తుమ్మిన ‘ఇరునూఱు’ అనియు అనుట వినుచునే యున్నాము. నూరేండ్లు, ఇన్నూరేండ్లు బ్రతుకుమని భావము.

వీటికంటె మాకు నచ్చినది బౌద్ధుల వినయపిటకములోని చుల్లవగ్గమునందలి కథ. ఒకప్పుడు బుద్ధుడు ధర్మము బోధించుచు తుమ్మెను. భిక్షువులందరు ఆయన జీవించుగాక యని బిగ్గరగా పలికిరి. ఆ సద్దుచే బోధకు అంతరాయము కలిగెను. బుద్ధుడు వారిని, తుమ్మినవానిని జీవింపుమన్నచో ఆ మాటవలన వాడు బ్రతుకునా, చచ్చునా యని అడిగెను. రెండును లేదనిరి. అట్లయిన ఇకమీదట అట్లు అనవలదని ఆయన నియమించెను. అంతటితో కథ ముగిసిన అది కేవలము హేతువాదపాఠమై యుండెడిది. కాని తరువాత జరిగినది చూడుడు. భిక్షువులు తుమ్మినప్పుడు గృహస్థులు ‘జీవింపుడు స్వామీ’ అనుచుండిరి. భిక్షువులు నియమమునకు వెరచి బదులు పలుకకుండిరి. గృహస్థులు నొచ్చుకొని, వీరికి మర్యాద తెలియదని నిందింపసాగిరి. ఈ మాట బుద్ధుని చెవిని బడగా, గృహస్థులు మంగళమును కోరువారనియు, వారట్లు పలికినప్పుడు ‘చిరం జీవ’ అని బదులు చెప్పవచ్చుననియు ఆయన అనుమతించెను. మాటవలన ఆయుస్సు పెరుగదని ఎరిగియు, మాట లేకపోవుటచే మనసు నొచ్చుననియు ఆయన ఎరుగును.

ఆ ‘చిరం జీవ’ అనునదియే మన అమ్మమ్మలు, నాయనమ్మలు పసిబిడ్డ తుమ్మినంతనే పలుకు ‘చిరంజీవ’! చిరమనగా దీర్ఘకాలము, జీవ యనగా బ్రతుకుము. ఇందు ఏ దేవుని పేరును లేదు, ఏ మతపు జాడయు లేదు. ‘నూరేళ్ళు’, ‘శతాయుస్సు’ అను మాటలును అట్టివే. తుమ్మినవారు తమంతట తాము ‘రామ రామ’ అనియో ‘నారాయణ’ అనియో అనుకొనుట వేరు. అది వారివారి భక్తికి సంబంధించినది. దేవుని నమ్మనివారు తెలుగువారిలో నిన్న మొన్న పుట్టినవారు కారు. 1940లోనే ముదునూరులో గోరాగారు నాస్తికకేంద్రమును స్థాపించిరి. త్రిపురనేని రామస్వామి చౌదరిగారు వైదికమంత్రములను కాదని ఊరకుండక, పెండ్లికి తెలుగుననే వివాహవిధిని రచించిరి. పాతమాటను విడిచినవారికి వేరొక మాట కావలెనని ఆయన యెరుగును. తుమ్ము విషయమున మనకు ఆ శ్రమ లేదు. మాట సిద్ధముగనే యున్నది.

ఇతరదేశముల మాటలను గమనించినను ఇదియే తోచుచున్నది. జర్మనులు ‘గెజుండ్‌హైట్’ అందురు, స్పెయినువారు ‘సలూద్’ అందురు. రెంటికిని ఆరోగ్యమనియే అర్థము. ఫ్రెంచివారు మీ కోరికలు నెరవేరుగాక యను భావముతో పలుకుదురు. తుర్కీవారు ‘చోక్ యాషా’, అనగా చాలకాలము జీవింపుమందురు. తుమ్మినవారు ‘సెన్ దె గోర్’, ఆ దినములను నీవును చూతువు గాక, అని బదులు చెప్పుదురు. ఈ బదులు మాకు చాల అందముగ తోచినది. జపానువారు సాధారణముగ ఏమియు అనరు, అది వారికి మర్యాదలోపము కాదు.

ఇక వాడుక విషయము. తెలుగువారి దీవెన పెద్దలనుండి పిన్నలకు దిగివచ్చునది. పైకి ఎక్కునది కాదు. చెల్లెలితోను తమ్మునితోను ‘చిరంజీవ’ అనవచ్చును. మాస్టారుగారు తుమ్మగా ఎనిమిదవ తరగతి పిల్లవాడు ‘చిరంజీవ’ అనిన తరగతి అంతయు నవ్వును! పెద్దల విషయమున దీవెనకు బదులు విచారణ చేయుట మన పద్ధతి. “జలుబు చేసినదా తాతగారూ? వేడినీళ్ళు తెమ్మందురా?” అని అడిగిన అంతకు మించిన మర్యాద లేదు. ఈడువారితో ‘నూరేళ్ళు’ అని నవ్వుచు అనవచ్చును.

ముసల్మాను మిత్రుడు తుమ్మి ‘అల్‌హందులిల్లాహ్’ అని దేవుని స్తుతించును. అతని మతస్థులు ‘యర్‌హముకల్లాహ్’ అని పలుకుదురు. ఆ మాటయందు నమ్మిక లేనివారు దానిని అనుకరింప నక్కరలేదు, ఆక్షేపింపనును రాదు. తమ మాట తాము పలికిన చాలును. క్రైస్తవమిత్రుడు ‘దేవుడు నిన్ను దీవించుగాక’ అనిన, దేవుడు లేడని వాదమునకు దిగుట తగదు. అతడు కోరినది మన మేలు. “సంతోషమండీ” అనియో “మీరును చల్లగా ఉండుడు” అనియో బదులు పలుకుట ఉచితము.

2020లో కరోనా వచ్చినది మొదలు తుమ్మినవానివైపు జనులు కోపముతో చూచుట కొంత అలవాటైనది. పుప్పొడికి తుమ్మువాడు రోగి కాడని చుట్టునున్నవారు గ్రహింపవలెను. తుమ్మువారును చేతిరుమాలునో, లేనిచో మోచేతి మడతనో అడ్డము పెట్టుకొనవలెను. అరచేతిని అడ్డము పెట్టిన ఆ చేయియే తరువాత పుస్తకమును, ప్రక్కవాని పలకను తాకును. వరుసగా నాలుగైదు తుమ్ములు తుమ్మువానికి ప్రతిసారియు శుభము పలుకుచుండిన వానికి సిగ్గు కలుగును, ఒక్కసారి చాలును. పరీక్ష జరుగు గదిలోనైన అదియు వలదు, తలయెత్తక వ్రాసికొనుచుండుటయే మేలు.