అనాథ కాని ఫ్లాపీ

ఖరగ్‌పూర్ పూరీ గేట్‌లో మా ఇంటి బీరువా అడుగున ఒక బిస్కట్ల డబ్బా ఉంది. అందులో పది ఫ్లాపీలు. ఒకదాని మీద 'అక్క శుభలేఖ' అని నాన్న చేతిరాత. నాన్న శ్రీకాకుళం నుంచి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకు ఫిట్టర్‌గా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. పెళ్ళి శుభలేఖ తెలుగులోనే ఉండాలని ఊళ్ళో డీటీపీ చేయించి, ఫ్లాపీలో పెట్టుకొచ్చారు. మొన్న దాన్ని పాత కంప్యూటర్లో పెట్టాను. డ్రైవు గరగరలాడింది, ఫైలు వచ్చింది. ఆ కంప్యూటర్లో నడుస్తున్నది కొత్త లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. అంత పాత యంత్రం దానికెలా తెలుసు?

ఫ్లాపీ 1971లో ఐబీఎం నుంచి, 8 అంగుళాల పళ్ళెంగా బయటికొచ్చింది. 1976లో షుగార్ట్ సంస్థ దాన్ని అయిదుంపావు అంగుళాలకు కుదించింది. 1981లో సోనీ మూడున్నర అంగుళాలకు తెచ్చింది. మనమెరిగిన 1.44 ఎంబీ ఫ్లాపీకి రెండు ముఖాలు, ముఖానికి 80 వలయాలు, వలయానికి 18 గళ్ళు, గడికి 512 బైట్లు. మొత్తం 14,74,560 బైట్లు.

పళ్ళెం నిమిషానికి 300 సార్లు తిరుగుతుంది. మోటారు ఆ వేగం అందుకునేదాకా ఆగాలి, చదివే తలను సరైన వలయం దగ్గరికి జరపాలి, దారి తప్పితే సున్నా వలయానికి తెచ్చి మళ్ళీ మొదలెట్టాలి, మధ్యలో ఎవరైనా ఫ్లాపీ మార్చారేమో కనిపెట్టాలి. ఈ పనులన్నీ చేయించే ప్రోగ్రామే డ్రైవర్. లైనక్స్‌లో దాన్ని 1991లో ఆ సిస్టమ్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టారు. పెట్టినది ఏ రకం ఫ్లాపీయో దానంతటదే పోల్చుకునే భాగాన్ని 1992లో వెర్నర్ అల్మెస్‌బెర్గర్ చేర్చారు. తొలినాళ్ళలో లైనక్స్ చాలామందికి చేరింది ఫ్లాపీల మీదే.

2011లో సోనీ ఫ్లాపీల అమ్మకం ఆపేసింది. 2019 జులైలో టోర్వాల్డ్స్ ఈ డ్రైవర్‌ను అనాథగా, అంటే చూసుకునేవారు లేనిదిగా, నమోదు చేశారు. అప్పటిదాకా చూసుకుంటున్న జిరీ కోసినా దగ్గర పనిచేసే డ్రైవు మిగల్లేదు. పరీక్షించి చూసే యంత్రం లేకపోతే దిద్దుబాటు సరైనదో కాదో చెప్పేదెవరు? పైగా యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవులకు ఈ డ్రైవర్‌తో పనే లేదు.

అయినా దాన్ని తీసి పారెయ్యలేదు. కంప్యూటర్ లోపల కంప్యూటర్‌ను సృష్టించే క్యూఎము వంటి సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ ఉత్తుత్తి ఫ్లాపీ డ్రైవును అమర్చి పెడుతుంది. 2019లోనే ఈ కోడ్‌లో బయటపడిన రెండు లోపాలు, ఫ్లాపీ పెట్టకపోయినా ప్రమాదం తెచ్చేవి. వాటిని దిద్దిన డెనిస్ ఎఫ్రెమోవ్ తర్వాత ఆ డ్రైవర్ బాధ్యత తీసుకున్నారు. ఆయన్ని ఏ ఫ్లాపీ కంపెనీ నియమించలేదు. కోడ్ అందరి కళ్ళెదుటా ఉంది కాబట్టి చెయ్యి వెయ్యగలిగారు.

కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు. వర్క్‌షాపు వాళ్ళ పిల్లలకు ఆ మాట అంత సులువుగా ఒంటబట్టదు. అక్కడికి గడువు ప్రకారం రైలు పెట్టెలు ఓవర్‌హాల్‌కు వస్తాయి. విప్పుతారు, అరిగింది మారుస్తారు, పట్టాలెక్కిస్తారు. తయారీ ఆగిన రోజున యంత్రం చచ్చిపోదు. దాన్ని విప్పి చూసే చివరి మనిషి లేచి వెళ్ళిన రోజున చస్తుంది.

కోడ్ రాయడం రాకపోయినా ఆ చివరి మనిషిని ఒంటరివాణ్ణి కాకుండా చూడొచ్చు. మీ ఇంట్లో మూలపడిన కంప్యూటరో ప్రింటరో ఉంటే కొత్త లైనక్స్‌తో నడిపి చూడండి. ఏది పనిచేసిందో, ఏది మొరాయించిందో ఆ డ్రైవర్ చూసుకునేవారికి రాయండి. వాళ్ళ దగ్గర లేనిది ఆ యంత్రమే, మీ దగ్గర ఉన్నదీ అదే. శుభలేఖను నేను మూడు చోట్ల దాచాను. ఫ్లాపీని మాత్రం మళ్ళీ డబ్బాలోనే పెట్టాను. రేపు కొత్త లైనక్స్ వచ్చినప్పుడు పరీక్షించడానికి అది కావాలి.