కారు అద్దెదే... బాధ్యత మాత్రం మనదే!

కొడుకు డాలస్‌లో, కూతురు మెల్‌బోర్న్‌లో... గోదావరి జిల్లాల్లో ఇలాంటి ఇల్లు లేని వీధి ఇప్పుడు అరుదే. పిల్లల్ని చూడ్డానికి వెళ్లినవాళ్లు ఎన్నాళ్లని నాలుగు గోడల మధ్య కూర్చుంటారు? ‘ఓ కారు అద్దెకు తీసుకుని నాలుగూళ్లూ తిరిగొద్దాం’ అనుకుంటారు. మరి అక్కడి అద్దె కారు మన రాజమండ్రిలో మాట్లాడుకునే కారు లాంటిదేనా?

‘రేపు అన్నవరం వెళ్లాలి, కారు మాట్లాడు’... రాజమండ్రిలోనో భీమవరంలోనో ఈ ఒక్క మాట చాలు. తెల్లారేసరికి కారు వాకిట్లో ఉంటుంది. దాంతోపాటే డ్రైవరూ. ఏ దారిలో గోతులున్నాయో, రావులపాలెంలో పెసరట్టు ఎక్కడ బాగుంటుందో, గోదావరికి వరదొస్తే ఏ కాజ్‌వే మునుగుతుందో అన్నీ అతనికే తెలుసు. టైరు పంచరైతే అతనే దిగుతాడు. పోలీసు ఆపితే అతనే మాట్లాడతాడు. వెనక సీట్లోవాళ్లు హాయిగా కునుకు తీస్తే అంతర్వేది గుడి దగ్గర లేపుతాడు.

విదేశాల్లో అలా కాదు. చేతికి తాళం ఇస్తారు. అంతే! డ్రైవరు చేసే పనులన్నీ ఇక మనవే. కారుకి గీత పడినా, జరిమానా వచ్చినా, ప్రమాదం జరిగినా సంతకం పెట్టినవారే జవాబుదారీ. ఈ సంగతి అక్కడి కౌంటరు ముందు నిలబడ్డాక తెలిస్తే లాభంలేదు. ఇక్కడ సూటుకేసు సర్దుకునేటప్పుడే తెలియాలి.

పర్మిట్‌ ఉందా?

మొదట కావాల్సింది అంతర్జాతీయ డ్రైవింగ్‌ పర్మిట్‌. 1949లో జెనీవాలో కుదిరిన రోడ్డు రవాణా ఒప్పందం ప్రకారం మన దేశం దీన్ని ఇస్తోంది. మనం ఉండే ప్రాంతంలోని రవాణా శాఖ కార్యాలయానికే ఫారం 4ఎతో దరఖాస్తు చేసుకోవాలి. చెల్లుబాటులో ఉన్న లైసెన్సు, పాస్‌పోర్టు ఉండాలి. కేంద్ర నిబంధనల ప్రకారం రుసుము 1000 రూపాయలు. సర్వీసు ఛార్జీల్లాంటివి ఉంటే అదనం. ఒకప్పుడు దరఖాస్తుకి వీసా, వైద్య ధ్రువపత్రం కూడా అడిగేవారు. 2021లో ఆ రెండిటినీ తీసేశారు. 2022లో దేశమంతటికీ ఒకే నమూనా తెచ్చి, దానిమీద క్యూఆర్‌ కోడ్‌ ముద్రించడం మొదలుపెట్టారు.

ఈ పర్మిట్‌ గరిష్ఠంగా ఏడాదే చెల్లుతుంది. ఇది ఒక్కటీ ఉంటే చాలదు, అసలు లైసెన్సు కూడా జేబులో ఉండాల్సిందే. ఒకరకంగా పర్మిట్‌ అనేది మన లైసెన్సుకి పలు భాషల్లో అనువాదం లాంటిది. అమెరికాలో ఈ విషయంలో ఏ రాష్ట్రం నిబంధన దానిదే. ఇంగ్లిష్‌లో ఉన్న మన లైసెన్సు చాలాచోట్ల చెల్లుతుంది, కొన్నిచోట్ల పర్మిట్‌ కూడా అడుగుతారు. జపాన్‌లో పర్మిట్‌ తప్పనిసరి. చైనాలో అయితే పర్మిట్‌ ఉన్నా పనికిరాదు. కాబట్టి వెళ్లే దేశం నిబంధన, కారు ఇచ్చే సంస్థ నిబంధన... రెండూ చూసుకోవాలి. ఇంటర్నెట్‌లో ‘అంతర్జాతీయ లైసెన్సు’ అంటూ అచ్చువేసి అమ్మేవాళ్ల జోలికి మాత్రం పోకూడదు.

ఇంటిపేరుతో వచ్చే చిక్కు

మన గోదావరి వాళ్ల పేర్లు పొడుగు. వెంకట సత్య సూర్యనారాయణమూర్తి అని నామకరణం చేస్తారు. పాస్‌పోర్టులో ఆ పేరంతా ఉంటుంది, ఇంటిపేరు విడిగా ఉంటుంది. లైసెన్సులో అదే ‘వి.ఎస్‌.ఎస్‌.ఎన్‌. మూర్తి’. క్రెడిట్‌ కార్డు మీద చోటు చాలక ‘సత్య’ దగ్గరే ఆగిపోతుంది! ఇక్కడైతే ముగ్గురూ ఒకరేనని చూడగానే అర్థమవుతుంది. అక్కడి కౌంటర్లో ఉన్న వ్యక్తికి ముగ్గురు వేర్వేరు మనుషుల్లా కనిపించినా ఆశ్చర్యం లేదు. పేర్లు కలవకపోతే కారు ఇవ్వకుండా వెనక్కి పంపే హక్కు వాళ్లకుంది. అందుకే ప్రయాణానికి రెండు మూడు నెలల ముందే లైసెన్సులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో చూసుకుని, తేడా ఉంటే సరిచేయించుకోవడం మేలు.

కారు ఎవరు నడుపుతారో క్రెడిట్‌ కార్డు కూడా సాధారణంగా వాళ్ల పేరు మీదే ఉండాలి. డెబిట్‌ కార్డు తీసుకోని సంస్థలూ ఉన్నాయి. అద్దె కాక, పూచీకత్తుగా కొంత మొత్తాన్ని కార్డులో నిలిపి ఉంచుతారు. కారు తిరిగిచ్చిన కొన్ని రోజులకిగానీ అది విడుదల కాదు. అందుకని పరిమితి నిండా వాడేసిన కార్డుతో బయల్దేరకూడదు. ఇంకో మాట... 2020 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కొత్త కార్డులు దేశం లోపల వాడుకునేందుకే వస్తున్నాయి. విదేశీ చెల్లింపుల సదుపాయాన్ని మనమే బ్యాంకు యాప్‌లోనో, ఫోన్‌ చేసో తెరిపించుకోవాలి.

వయసు కూడా చూస్తారు. అమెరికాలో పాతికేళ్లలోపు వాళ్ల దగ్గర చాలా సంస్థలు రోజుకి ఇంతని అదనంగా తీసుకుంటాయి. కొన్ని దేశాల్లో డెబ్భై దాటినవాళ్లకి కారు ఇవ్వడానికి ఆలోచిస్తారు.

బావగారు కాసేపు నడుపుతానంటే...

కౌంటరు దగ్గర అసలు పరీక్ష బీమాది. ఇందులో రెండు రకాలున్నాయి. మన కారు వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి ఒకటి, మనం తీసుకున్న కారుకే జరిగే నష్టానికి మరొకటి. ఐరోపా, ఆస్ట్రేలియాల్లో కనీస బీమా తరచూ అద్దెలోనే కలిసి ఉంటుంది. అయినా నష్టం జరిగితే మొదటి కొంత మొత్తం మనమే కట్టుకోవాలి. అమెరికాలో తక్కువ అద్దె చూసి సంబరపడితే, ఈ బీమాలు విడిగా కొనాల్సి రావచ్చు. కొన్నిసార్లు వాటి ఖర్చే అద్దెకి దగ్గరగా వస్తుంది. టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం దెబ్బతింటే వర్తించదనే షరతూ మామూలే. ఇక్కడ కొనే ప్రయాణ బీమా ప్రధానంగా మన వైద్య ఖర్చుల కోసం. కారు సొట్టలు అందులో ఉన్నాయో లేవో పాలసీ చదివితేగానీ తెలియదు.

అన్నిటికన్నా ముఖ్యమైన షరతు ఒకటుంది. ఒప్పందంలో పేరున్నవాళ్లే స్టీరింగు పట్టుకోవాలి. మన ఇళ్లలో బావగారు ‘అలసిపోయావు, కాసేపు నేను నడుపుతాలే’ అంటే కాదనలేం. అక్కడ ఆ మర్యాద చాలా ఖరీదైనది. పేరు లేని మనిషి నడుపుతుండగా ప్రమాదం జరిగితే బీమా వర్తించకపోవచ్చు, నష్టమంతా నెత్తిన పడొచ్చు. ఇద్దరు నడపాలనుకుంటే ఇద్దరి పేర్లూ ముందే రాయించుకోవాలి. దానికి కొంత అదనంగా కట్టాల్సివచ్చినా సరే.

తాళం తీసుకునే ముందు

పెళ్లికి వంటపాత్రలు అద్దెకు తెచ్చేటప్పుడు ఏ గిన్నెకి సొట్ట ఉందో చూసి మరీ రాసుకుంటారు మన పెద్దవాళ్లు. కారుకీ అదే సూత్రం. చుట్టూ తిరిగి గీతలు, సొట్టలు, టైర్లు, అద్దాలు, లోపలి సీట్లు, పెట్రోలు ముల్లు... అన్నిటినీ సెల్‌ఫోన్‌లో వీడియో తీసుకోవాలి. కాగితం మీద రాయని గీత ఏదైనా కనిపిస్తే అక్కడే రాయించాలి. తిరిగిచ్చేటప్పుడు మళ్లీ అలాగే తీయాలి.

పెట్రోలు నిండుగా ఇస్తే నిండుగానే తిరిగివ్వాలి. లేదంటే వాళ్లు పోయించి తమ ధర వేస్తారు. అమెరికాలో పెట్రోలుని ‘గ్యాస్‌’ అంటారు, గ్యాలన్లలో కొలుస్తారు. ఒక గ్యాలను దాదాపు 3.8 లీటర్లు. అక్కడ వేగం కూడా మైళ్లలోనే. 65 అని బోర్డు కనిపిస్తే గంటకి సుమారు 105 కిలోమీటర్లన్నమాట.

సామాను సంగతీ ముందే ఆలోచించుకోవాలి. అమెరికా వెళ్లే చాలా విమానాల్లో మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు ఇస్తారు. నలుగురంటే ఎనిమిది పెట్టెలు! చిన్న కారులో అవి పట్టవు. పైన క్యారియరు కట్టి తాడేసి బిగించడానికి అది మన కారు కాదు. అలాగే దారిలో తినడానికి పులిహోర, ఆవకాయ అన్నం పట్టుకెళ్లడం మనకి అలవాటే. తినొచ్చు, కానీ ఆవకాయ నూనె సీటు మీద ఒలికితే శుభ్రం చేయించిన ఖర్చు బిల్లులో కనిపిస్తుంది.

కుడి ఎడమైతే...

మనలా ఎడమ వైపు నడిపే దేశాలూ ఉన్నాయి. బ్రిటన్‌, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌, జపాన్‌, మలేసియా, థాయ్‌లాండ్‌, దక్షిణాఫ్రికా అలాంటివే. మొదటిసారి విదేశంలో నడపాలనుకునేవారికి ఇవి కాస్త తేలిక. అమెరికా, కెనడా, ఐరోపాలోని చాలా దేశాల్లో కుడి వైపు నడపాలి. స్వీడన్‌ దేశమంతా ఒకప్పుడు ఎడమ వైపే నడిపేది. 1967 సెప్టెంబరు 3న ఒక్కరోజులో కుడికి మారింది. అందుకు ఏళ్ల తరబడి ఏర్పాట్లు చేసుకుంది. ఒక దేశానికే అంత సన్నాహం కావాల్సివస్తే, విమానం దిగి నిద్రకళ్లతో కారెక్కే మనిషి సంగతేమిటి? దూరప్రయాణం చేశాక ఒక రాత్రి పడుకుని లేచాకే స్టీరింగు పట్టుకోవాలి. మొదటి గంట ఖాళీ వీధుల్లో నడపాలి. పొరపాటు ఎక్కువగా జరిగేది మలుపు తిరిగేటప్పుడు, పెట్రోలు బంకు నుంచి బయటికొచ్చేటప్పుడు.

కాలవ గట్టు మీద లారీకి దారిస్తూ అంగుళం తేడాలో బండి తప్పించే నేర్పు మనవాళ్లకుంది. విదేశీ రోడ్లమీద ఆ నేర్పుకి పెద్దగా పనిలేదు, ఓర్పుకి ఉంది. అమెరికాలో ‘స్టాప్‌’ బోర్డు ఉంటే ఎదురుగా ఎవరూ లేకపోయినా చక్రాలు పూర్తిగా ఆగాలి. నాలుగు వైపులా ఆ బోర్డు ఉంటే ముందొచ్చినవారు ముందు వెళ్తారు. మధ్యలో విభాగిని లేని రోడ్డు మీద బడి బస్సు ఎర్ర దీపాలు వెలిగించి ఆగితే రెండు వైపుల వాహనాలూ ఆగాల్సిందే. హారను కొడితే దాన్ని తిట్టులా తీసుకుంటారు. పసివాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటామంటే కుదరదు. వాడి వయసుకీ ఎత్తుకీ తగ్గ సీటు ఉండాలి. కారుతోపాటే దాన్నీ అడిగి తీసుకోవచ్చు. ఈ ఒక్క విషయంలో ‘దగ్గరేగా’ అనుకోకూడదు. ఎదుటివాడి తప్పు వల్ల జరిగే ప్రమాదాన్ని మనం ఆపలేకపోవచ్చు. అప్పుడు పసివాణ్ని కాపాడేది ఆ సీటూ బెల్టే.

రాజీ కుదరదు

మన దగ్గర బండికి బండి తగిలితే టీకొట్టు దగ్గర నలుగురు పెద్దమనుషులు చేరి తేల్చేస్తారు. అక్కడ ఆ పద్ధతి పనికిరాదు. ముందు మనుషులు క్షేమమా అని చూడాలి, ఫొటోలు తీసుకోవాలి, పోలీసులకీ కారిచ్చిన సంస్థకీ చెప్పాలి. పోలీసుల నివేదిక లేకపోతే బీమా దగ్గర ఇబ్బంది. అమెరికాలో పోలీసు కారు వెనక నుంచి లైట్లు వేస్తే పక్కకి ఆపి, చేతులు స్టీరింగు మీద పెట్టి, కారులోనే కూర్చోవాలి. గౌరవంగా దిగి ఎదురెళ్లడం మన అలవాటు, అక్కడ అది ప్రమాదం.

జరిమానాలు కొన్ని ఇంటికొచ్చాకా వెంటాడతాయి. ఇటలీ నగరాల్లో పాత బస్తీల్లోకి అనుమతి లేని కార్లు వెళ్లకూడదు. కెమెరా ఫొటో తీస్తుంది, నెలల తర్వాత జరిమానా వస్తుంది. వివరాలిచ్చినందుకు కారు సంస్థ తన రుసుమూ విడిగా వేస్తుంది. టోల్‌ రోడ్లదీ ఇంచుమించు అదే కథ. డబ్బు తీసుకునే మనిషే లేని టోల్‌గేట్లు చాలా ఉన్నాయి. ఎలా కట్టాలో కారు తీసుకునేటప్పుడే అడగాలి.

ఇదంతా విని భయపడక్కర్లేదు. నచ్చినచోట ఆగుతూ, దారి తప్పి కొత్త ఊరు చూస్తూ, ఇంటిల్లిపాదీ కబుర్లు చెప్పుకుంటూ వెళ్లే ప్రయాణంలో ఉన్న ఆనందం టూరు బస్సులో దొరకదు. వెళ్లేముందు విశాఖలోనో హైదరాబాద్‌లోనో సెల్ఫ్‌ డ్రైవ్‌ కారు ఒకటి తీసుకుని రెండ్రోజులు నడిపి చూస్తే కాగితాల వ్యవహారమూ కొంత అలవాటవుతుంది. నల్ల నంబరు ప్లేటు మీద పసుపు అక్షరాలుండేవి అవే.

అన్నీ సజావుగా జరిగి తిరిగొచ్చాక, మళ్లీ ఎప్పుడో అన్నవరానికి కారు మాట్లాడుకుంటారు. దారిలో డ్రైవరు టీకి ఆపితే ఈసారి తప్పకుండా అంటారు... ‘నువ్వూ రావయ్యా, కూర్చుని తాగుదాం’ అని!