తీరంలో ఇల్లు - అప్పు ఎవరికి పుడుతుంది?

నాంపల్లి ముకర్రంజాహీ రోడ్డులో గృహకల్ప. ఉమ్మడి రాష్ట్రానికి గృహనిర్మాణ మండలి అక్కడినుంచే పనిచేసింది. దాపునే ఉన్న ఆబిడ్స్ నిండా బ్యాంకులు. ఇక్కడ ఇల్లు కొనేవాణ్ణి బ్యాంకు అడిగేవీ, బాపట్ల తీరంలో కొనేవాణ్ణి అడిగేవీ అవే కాగితాలు: దస్తావేజు, లింకు పత్రాలు, ఇ.సి., ప్లాను అనుమతి. ఆబిడ్స్‌లో ఉన్నోడికి ఇవి దొరుకుతాయి. తీరంలోని మాలపల్లెకీ మాదిగపల్లెకీ ఎందుకు దొరకవో చూద్దాం.

మొదటి అడ్డు తీర రక్షణ నియమం. 1991 ఫిబ్రవరి 19న కేంద్రం సి.ఆర్.జెడ్. నోటిఫికేషన్ తెచ్చింది. పోటు గీత నుంచి 500 మీటర్ల నేల దాని కిందికొచ్చింది. పల్లెల్లో మొదటి 200 మీటర్లలో కొత్త ఇల్లు కుదరదు. 2011లో, 100-200 మీటర్ల మధ్య సాంప్రదాయ తీరవాసులు అనుమతితో కట్టుకోవచ్చన్నారు. 2019లో, జనసాంద్రత 2161 దాటిన పల్లెల్లో ఆ నిషేధాన్ని 50 మీటర్లకు తగ్గించారు. అదీ తీర ప్రణాళిక ఆమోదం పొందాకనే. అనుమతి లేని ఇంటిమీద బ్యాంకు అప్పివ్వదు.

తీరాన్ని కాపాడొద్దని మేం అనడం లేదు. 1977 దివిసీమ ఉప్పెన ఏం చేసిందో మనకు తెలుసు. మా ప్రశ్న ఒకటే: తీరవాసి ఎవడు? 2011 నియమం మత్స్యకారుల పేరు చెప్పింది, న్యాయమే. ఉప్పు కొఠార్లలో చెమటోడ్చే దళిత కూలీ పేరు చెప్పలేదు. తాను తరతరాల తీరవాసినని అతడే రుజువు తెచ్చుకోవాలి.

రెండో అడ్డు పట్టా. మనోళ్ళ చేతిలో ఉండేది ఎక్కువగా సర్కారు ఇచ్చిన అసైన్డు పట్టా. 1977 నాటి 9వ చట్టం దాని అమ్మకాన్ని నిషేధించింది. ఆంధ్రప్రదేశ్‌లో తర్వాతి సవరణలు కొంతకాలం గడిచాక అమ్మకానికి వీలిచ్చాయి. అమ్మలేని స్థలం మీద బాకీ ఎట్లా రాబట్టాలని మేనేజరు భయం. కానీ అదే చట్టం 6వ సెక్షను షెడ్యూల్డు బ్యాంకుల తాకట్టుకు మినహాయింపు ఇచ్చింది. ఆ మాట కౌంటరు దగ్గర చెప్పేదెవరు?

మూడోది చేతి డబ్బు. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం 30 లక్షల లోపు అప్పు ఇంటి విలువలో 90 శాతం మించదు. పది లక్షల ఇంటికి లక్ష ముందే కావాలి. జీతం చీటీ లేని కూలీ ఆ లక్ష కోసం మళ్ళీ వడ్డీ వ్యాపారి గడపే తొక్కాలి.

అందుకే బయానా ఇవ్వకముందే మూడు పనులు చెయ్యాలి. సర్వే నంబరు తీర ప్రణాళిక పటంలో ఎక్కడుందో చూడాలి. రిజిస్ట్రారు దగ్గర 22-ఎ నిషేధ జాబితాలో ఉందేమో అడగాలి. బ్యాంకు కాదంటే కారణం రాసిమ్మనాలి. ఆ కాగితమే రేపు మన పోరాటానికి ఆధారం.

తీరవాసి అన్న మాటలో దళితుడికి చోటు, అసైన్డు పట్టామీద అప్పు: ఈ రెండూ సాధించుకోకపోతే, ఇవాళ అమ్మే హక్కు వచ్చినా రేపు ఆ నేల రిసార్టు వాడిదే. తీరం మిగులుతుంది, పల్లె మిగలదు.