గరీబుపేట ఎర్రరాయి: సానలోనే ఉంది విలువ

కొత్తగూడెం: బొగ్గుగనులకు పేరుపడిన ఈ ప్రాంతంలో మరో ఖనిజం కూడా ఉన్న సంగతి చాలామందికి తెలియదు. అది గరీబుపేట గుట్టలోని గార్నెట్ అనే ముదురు ఎరుపు రాయి. గుట్ట రాయి ఏళ్ల తరబడి ఎండకు వానకు చివికి, అందులోని గార్నెట్లు దిగువ మట్టిలోను, గులకలోను చేరాయి.

ఈ రాయి చరిత్ర చిన్నది కాదు. పుదుచ్చేరి దగ్గరి అరికమేడు రోమన్ వర్తకులతో వ్యాపారం సాగించిన పాత రేవు. అక్కడ 1945లో మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపించారు. పూసలు, రత్నాలు తయారుచేసిన ఆనవాళ్లు ఆ ఊళ్లో దొరికాయి. అక్కడి గార్నెట్లను మన గరీబుపేట రాళ్లతో పోల్చి శాస్త్రజ్ఞులు 2017లో ఒక పరిశోధన ప్రకటించారు. రసాయన కూర్పు, రాయి లోపలి సన్నని సిల్లిమనైట్ పోగులు రెండింటిలోను సరిపోయాయి. అరికమేడు పనివారు సాన పట్టిన రాయి మన గుట్టదేనని తేలింది.

రాయి మనది, సాన పరాయి ఊరిది. విలువంతా ఆ సానలోనే ఉండటం గమనార్హం.

సాన పట్టే తీరు

ముందుగా రాళ్లను కడిగి వెలుగుకు ఎదురుగా పట్టి చూడాలి. పగుళ్లున్న వాటిని పక్కన పెట్టాలి. మంచి రాయిని వజ్రపు పొడి అంటించిన రంపపు బిళ్లతో కోసి, చక్రంపై ఉజ్జాయింపుగా ఆకారం తెస్తారు. ఆపైన పుల్ల కొనకు లక్కతో అతికించి, తిరిగే పళ్లెంపై ఒక్కొక్క పలకనూ అరగదీస్తారు. ముతక పళ్లెంతో మొదలుపెట్టి నున్నని పళ్లెం దాకా వెళ్లి, చివరకు అల్యూమినియం ఆక్సైడ్ పొడితోనో వజ్రపు పొడితోనో మెరుగు పెడతారు.

అడుగు పలకల వాలు ముఖ్యం. గార్నెట్‌కు అది సుమారు 40 డిగ్రీలుండాలి. వాలు బాగా తగ్గితే పైనుంచి పడిన వెలుగు తిరిగి కంటికి రాదు, అడుగునుంచి జారిపోతుంది. అప్పుడు రాయి మధ్యలో గాజుపెంకులా వెలవెలబోతుంది.

ఈ జాతి గార్నెట్‌తో మరో చిక్కుంది. రాయి పెద్దదైతే ఎరుపు ముదిరి నల్లగా కనిపిస్తుంది. అందుకే పూర్వపు పనివారు పైభాగం ఉబ్బెత్తుగా తీర్చి, అడుగు గుల్లగా తొలిచేవారు. రాయి పలచబడి ఎరుపు బయటపడేది. ముడిరాయి బరువులో మూడింట రెండు వంతులకు పైగా పొడైపోవడం మామూలే. 5 క్యారెట్లు ఒక గ్రాము. కాబట్టి మిగిలిన ఆ కాస్తను తూచేటప్పుడు జాగ్రత్త అవసరం.

దుమ్ముతో ముప్పు

పొడిగా అరగదీయడం ప్రాణాంతకం. గుజరాత్‌లోని ఖంభాత్‌లో అకీకు రాళ్లు అరగదీసిన కార్మికులు ఎందరో సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు పాలయ్యారు. చక్రంపై నీటిధార ఆగకూడదు, ముక్కుకు తగిన ముసుగు ఉండాలి, గదిలోకి గాలి రావాలి. పని నేర్చుకునే పిల్లలకు మొదటిరోజే చెప్పవలసిన మాట ఇది.

నేర్చుకునే దారి

రంగురాళ్ల సానకు దేశంలో జైపూర్ పెట్టింది పేరు. అక్కడ రత్నాల పనిలో శిక్షణ ఇచ్చే సంస్థలున్నాయి. రాయి అసలో నకిలీయో తేల్చే ప్రయోగశాల అక్కడ 1972లోనే ఏర్పడింది. ఆస్ట్రేలియా, అమెరికాల్లో సరదాకు రాళ్లు సానపట్టేవారు సంఘాలుగా ఏర్పడ్డారు. అందరూ చందా వేసుకుని ఒక షెడ్డు, నాలుగు యంత్రాలు పెట్టుకుంటారు. తెలిసినవారు కొత్తవారికి నేర్పుతారు. ఒక్కడి వల్ల కాని ఖర్చు పదిమందికి భారం కాదు.

మన యువకులు కూడా ఈ పద్ధతిన కూడవచ్చు. అయితే గనులశాఖ అనుమతి లేకుండా తవ్వడం నేరం. అడవి భూమి అయితే అటవీశాఖ చట్టాలు కూడా వర్తిస్తాయి. అందుచేత పార పట్టే ముందు పని పట్టడం మేలు. చౌకగా దొరికే పలుగురాయి ముక్కలతో చెయ్యి తిరిగాక విలువైన రాయి ముట్టుకోవచ్చు.

అధికారులు పూనుకుని ఇక్కడి ఐ.టి.ఐ.లో సానపనికి ఒక తరగతి ఏర్పాటు చేస్తే, రెండు వేల ఏళ్ల నాడు ఊరు దాటి వెళ్లిన పని తిరిగి మన ఊరికి వస్తుంది.