సైలెంట్ వ్యాలీ జాతీయ ఉద్యానవనం: పరిరక్షణ చరిత్రలో షరతులు, సరిహద్దులు

కేరళలోని పాలక్కాడ్ జిల్లాలో, నీలగిరుల నైరుతి అంచున 89.52 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన సతతహరితారణ్యం సైలెంట్ వ్యాలీ. దీని పరిరక్షణను సాధారణంగా ఒక విజయగాథగా చెబుతారు: ప్రభుత్వం ఆనకట్ట తలపెట్టింది, ప్రజలు ప్రతిఘటించారు, అడవి మిగిలింది. ఈ కథనం అబద్ధం కాదు గాని అసంపూర్ణం. అడవిని కాపాడేందుకు రాసిన తొలి నివేదికే ఆనకట్టకు ఆధారంగా ఉపయోగపడిన వైనం, ఉద్యానవనాన్ని ప్రకటించిన తొలి నిర్ణయమే ఆనకట్ట స్థలాన్ని సరిహద్దుకు వెలుపల ఉంచిన తీరు ఇందులో మరుగున పడిపోతాయి.

ఈ ప్రాంతానికి స్థానికంగా సైరంధ్రీవనమని పేరు. ద్రౌపది అజ్ఞాతవాస నామం ఈ అడవికి, కుంతి పేరు ఇక్కడి కుంతిపుళ నదికి దక్కాయి. 1847లో వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ వైట్ ఇక్కడ పరిశీలనలు జరిపాడు. 1914లో ఇది రిజర్వు అడవి అయింది. అప్పటికి మలబారు మద్రాసు రాజధానిలో భాగం. 1882 నాటి మద్రాసు అటవీ చట్టమే అటు మలబారునూ ఇటు తెలుగు జిల్లాలనూ శాసించేది. రంపలో మన్యం ప్రజల తిరుగుబాటుకు కారణమైన ఆంక్షలలో ఈ చట్టం విధించినవీ ఉన్నాయి. కాబట్టి 'రిజర్వు' అన్న మాటను నేటి అర్థంలో పరిరక్షణగా చదవరాదు. కలపపై రాజ్యాధికారాన్ని స్థిరపరచడమే నాటి ప్రధానోద్దేశం. ఆ తరువాత కూడా ఈ అడవిలో ఎంపిక చేసిన చెట్లను నరకడం కొనసాగింది.

సైరంధ్రి వద్ద జలవిద్యుత్తుకు అనువైన స్థలముందని 1928లోనే గుర్తించారు. 1973లో ప్రణాళికా సంఘం ఆమోదించిన పథకం ప్రకారం 120 మెగావాట్ల సామర్థ్యంతో, 131 మీటర్ల ఎత్తైన ఆనకట్ట కట్టవలసి ఉంది. సుమారు 830 హెక్టార్లు మునుగుతాయి. మొత్తం అడవిలో ఇది పదోవంతుకు లోపే గదా అన్నది పథక సమర్థకుల ప్రధాన వాదం. అంకగణితం సరైనదే. కాని మునిగేది నదీతీరపు పల్లపు అడవి. దానికి తోడు రహదారులు, కార్మికుల నివాసాలు, వంటచెరకు అవసరాలు ముంపు రేఖ దగ్గరే ఆగిపోవు.

1976లో జాతీయ పర్యావరణ ప్రణాళికా సమన్వయ సంఘం జాఫర్ ఫతేఅలీ నాయకత్వంలో ఒక కార్యదళాన్ని నియమించింది. పథకాన్ని విరమించుకోవాలని అది సిఫారసు చేసింది. అయితే విరమణ సాధ్యం కాని పక్షంలో పాటించవలసిన పదిహేడు రక్షణ చర్యలను కూడా సూచించింది. ఈ చరిత్రలో అన్నిటికన్నా ఎక్కువ పరిశీలన కోరే ఘట్టం ఇదే. రాష్ట్ర ప్రభుత్వం ప్రధాన సిఫారసును పక్కనపెట్టి, షరతులకు తాను సిద్ధమని ప్రకటించింది. ఆ షరతుల అమలుకంటూ శాసనం కూడా చేసింది. 1978లో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం ఆ ప్రాతిపదికనే పథకానికి అనుమతినిచ్చింది. నిపుణులు జాగ్రత్త కోసం చేర్చిన వాక్యం పాలకుల చేతిలో అనుమతిపత్రమైంది.

ప్రతిఘటన మొదట సింహపు తోక కోతి చుట్టూ అల్లుకుంది. పశ్చిమ కనుమల సతతహరితారణ్యాలకే పరిమితమైన ఈ జీవి ఆహారం కోసం కులేనియా వంటి చెట్లపై ఆధారపడుతుంది. చెట్లు దట్టంగా అల్లుకున్న విశాలమైన అడవి లేకపోతే దీని గుంపులు నిలవవు. కాని 'కోతి కావాలా, కరెంటు కావాలా' అన్న ఎత్తిపొడుపు ముందు ఈ వాదం ఒక్కటే నిలిచేది కాదు. 1979లో కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు ప్రచురించిన అధ్యయనం చర్చ స్వరూపాన్నే మార్చింది. ఎం.కె. ప్రసాద్‌తో పాటు ఎం.పి. పరమేశ్వరన్, కె.పి. కణ్ణన్ తదితరులు కలిసి రాసిన ఈ అధ్యయనంలో జీవశాస్త్రం, సాంకేతికత, అర్థశాస్త్రం మూడూ కలిశాయి. మలబారు విద్యుత్ అవసరాలకు ఈ ఆనకట్ట అనివార్యం కాదని అది వాదించింది. రాష్ట్రంలోని ప్రధాన రాజకీయ పక్షాలు పథకాన్ని సమర్థిస్తున్న కాలంలో, వామపక్ష భావజాలానికి సన్నిహితమైన సంస్థ ఈ వైఖరి తీసుకోవడం తేలికైన విషయం కాదు. సుగతకుమారి వంటి కవులు కూడా ఉద్యమంలోకి వచ్చారు.

న్యాయపోరాటం మాత్రం ఫలించలేదు. ప్రభుత్వం సంబంధిత అంశాలను పరిశీలించే నిర్ణయం తీసుకుందని, శాస్త్రీయ వివాదాలను తిరిగి తూచడం తన పని కాదని కేరళ హైకోర్టు 1980 జనవరిలో పిటిషన్లను తోసిపుచ్చింది. అటవీ పరిరక్షణ చట్టం అప్పటికింకా రాలేదు. అదే ఏడాది అక్టోబరులో అమలులోకి వచ్చింది. పర్యావరణ ప్రభావ అంచనాను తప్పనిసరి చేసే నిబంధనలు మరింత ఆలస్యంగా వచ్చాయి. కోర్టు చేతిలో ఉన్న ఆధారమే స్వల్పం.

1980 డిసెంబరులో కేరళ ప్రభుత్వం సైలెంట్ వ్యాలీని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించింది, పథక ప్రాంతాన్ని మినహాయించి! పేరుకు ఉద్యానవనం దక్కినా వివాదానికి మూలమైన నేల దానిలో లేదు. ఇందిరా గాంధీ ప్రభుత్వ చొరవతో ఎం.జి.కె. మీనన్ అధ్యక్షతన ఏర్పడిన సంయుక్త సంఘంలో మాధవ్ గాడ్గిల్ సభ్యుడు. ఆ సంఘం 1983లో నివేదిక సమర్పించింది. అదే సంవత్సరం నవంబరులో పథకం రద్దయింది. 1984 నవంబరు 15న, ఈసారి ముంపు ప్రాంతంతో సహా, ఉద్యానవన ప్రకటన వెలువడింది. 1985 సెప్టెంబరు 7న రాజీవ్ గాంధీ దీనిని లాంఛనంగా ప్రారంభించాడు. 1986లో ఏర్పడిన నీలగిరి జీవావరణ రిజర్వులో ఇది భాగమైంది.

అంతటితో వివాదం ముగియలేదు. కొత్త శతాబ్ది తొలి సంవత్సరాలలో కుంతిపుళ దిగువన, ఉద్యానవన సరిహద్దుకు ఆవల, పాత్రక్కడవు జలవిద్యుత్ పథకం ముందుకు వచ్చింది. ఎం.ఎస్. స్వామినాథన్ 1979లోనే న్యూ అమరంబలం, అట్టప్పాడి, కుందా అడవులను కలిపి 389.52 చదరపు కిలోమీటర్లను ఒకే జీవావరణ రిజర్వుగా కాపాడాలని సూచించి ఉన్నారు. పాత్రక్కడవు వివాదం తరువాత, 2007లో, ఉద్యానవనం చుట్టూ 148 చదరపు కిలోమీటర్ల రక్షణ వలయానికి కేరళ మంత్రివర్గం ఆమోదం తెలిపింది.