పొదకీ పొదకీ మధ్య

కడప జిల్లాలో లంకమల కొండల కింద నడివేసవిలో నిలబడితే కంటికి ఆనేదేమీ ఉండదు. ఎర్రమట్టి, గులకరాళ్లు, అక్కడక్కడా కంప, మేకలు అందినంత మేరా కొరికి వదిలిన కలివిపొదలు. ఇలాంటి నేలను మనం బీడు అనేస్తాం. ఆ మాట ఒకసారి పడిందా, అందరి కన్నూ దాని మీదే. ఒకరు నిమ్మతోట పెడదామంటారు, ఇంకొకరు పుణ్యానికి చెట్లు నాటుదామంటారు.

ఆ పొదల పేరే పెట్టుకున్న పిట్ట కలివికోడి. 1848లో థామస్ జెర్డన్ దాన్ని శాస్త్రలోకానికి చూపించాడు. 1900 తర్వాత కనబడకపోయేసరికి అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర, రాత్రిపూట టార్చి వెలుగులో, ఊళ్లోని ఒక వేటగాడికి చిక్కింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ అది కలివికోడేనని తేల్చారు.

పగలు కదలదు, రాత్రి తిరుగుతుంది. అలాంటి పిట్టను లెక్కపెట్టడం ఎలా? ఆ సొసైటీ తరఫున పి. జగన్నాథన్, ఆయన సహచరులు పొదల మధ్య అయిదేసి మీటర్ల పొడవున నేల చదునుచేసి, మెత్తటి మట్టి జల్లెడపట్టి పరిచారు. తెల్లారగానే వెళ్లి ఆ మట్టి మీద అడుగుజాడలు చూడటమే పని. మూడే వేళ్లు, వెనక వేలు లేదు. తీతువు అడుగని పొరబడకుండా స్కేలు పెట్టి కొలవాలి. ఇంత ఓపిక నాకైతే లేదు.

ఆ మట్టి చెప్పిన సంగతి అసలు విశేషం. రెండు మీటర్లకు మించి ఎదిగిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉన్నచోటే ఈ పిట్ట ఎక్కువగా తిరుగుతుంది. లెక్కేస్తే పొదకీ పొదకీ మధ్య నాలుగు నుంచి ఆరు మీటర్ల ఎడం. అంతకంటే పలచనైతే దాక్కోను చోటుండదు. చిక్కనైతే పురుగుల వెంట పరిగెత్తను నేల దొరకదు. మేకల్ని పూర్తిగా తరిమేస్తే పొదలు కమ్ముకుంటాయి, హద్దులేకుండా వదిలేస్తే నేల బోడవుతుంది. మితంగా మేసే మంద, మితంగా కొట్టే వంటచెరకు ఈ పిట్టకు ఉపకారమే. అడవి అంటే మనిషి అడుగుపెట్టనిదే అనుకునేవాళ్లకు ఇది మింగుడుపడదు.

శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం 464 చదరపు కిలోమీటర్లు. అయితే అందులో కొండలే ఎక్కువ, పిట్టకు కావలసింది కొండ కింది పల్లపు పొదలు. ఆ పొదలు గీతకు లోపలా ఉన్నాయి, బయటా ఉన్నాయి. బయటవి పొలాలుగా, నిమ్మతోటలుగా మారుతూ వచ్చాయి. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం పొదల్లోకి వచ్చింది. పక్షిప్రేమికులు గొడవచేయడంతో దారి మార్చారు. కాలువ పక్కకు జరిగినా దాని నీళ్లు చుట్టూ ఉన్న నేలకు అందుతాయి. నీరందిన నేల పొదగా మిగలదు, రైతును తప్పుపట్టనూ లేం.

కర్నూలు వైపు రోళ్లపాడులో జరిగిందీ ఇలాంటిదే. బట్టమేక పిట్ట కోసం 1988లో ఆరు చదరపు కిలోమీటర్లకు కాస్త పైన గడ్డినేలను అభయారణ్యం చేశారు. ఆ పిట్ట తిండి కోసం చుట్టుపక్కల వేరుశనగ, జొన్న చేలకూ పోతుంది, దానికి కంచె తెలియదు. సాగునీరొచ్చి పంటలు మారాయి. కంచె లోపల కృష్ణజింకలు పెరిగి చేలమీద పడితే రైతులకు అభయారణ్యమంటేనే మంట పుట్టింది. బట్టమేక మాత్రం అక్కడ కనబడకుండా పోయింది.

అందుకే ఇప్పుడు సంరక్షణ పటం గీసేవాళ్లు అభయారణ్యం గీత దగ్గర ఆగడానికి లేదు. ఊరూరా మందలు ఎన్ని, పొయ్యిలోకి కంప ఎంత పోతోంది, కాలువ నీరు రేపు ఏ సర్వే నంబరుకు ఎక్కుతుంది, ఇవన్నీ అందులోకి రావాలి. వీటిలో సగానికి జవాబు లంకమల కింద మేకలు తోలే ముసలాయన దగ్గర ఉంటుంది. మిగతా సగం నీటిపారుదల ఆఫీసులో, ఏదో ఫైలులో.