సరిహద్దు దాటితే ఈ మనిషి ఆ మనిషేనా?

ఒకే మనిషికి రెండు దేశాల్లో రెండు రికార్డులు ఉంటే, అవి రెండూ ఒకరివే అని ఎవరు తేల్చాలి? ఆధార్ సీడింగ్‌కు అలవాటు పడిన మనకు ఈ ప్రశ్న తట్టదు. ఐరోపా దేశాలు మాత్రం పదేళ్లకు పైగా దీనితో కుస్తీ పడుతున్నాయి.

యూరోపియన్ యూనియన్ 2014లో ఇ-ఐడాస్ అనే నిబంధన తెచ్చింది. ఒక సభ్యదేశం జారీచేసి, తగిన భద్రతా స్థాయి ఉందని యూనియన్ దగ్గర నమోదు చేయించిన డిజిటల్ గుర్తింపును మిగతా దేశాల ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలు కూడా అంగీకరించాలి. 2018 సెప్టెంబరు 29 నుంచి ఇది తప్పనిసరి. అంటే జర్మనీ గుర్తింపు కార్డుతో స్వీడన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోకి లాగిన్ కావచ్చు. చిక్కు లాగిన్ అయ్యాకే మొదలవుతుంది.

ఈమె ఫలానా వ్యక్తేనని ధ్రువీకరించే పని కార్డు ఇచ్చిన దేశానిది. తమ దగ్గర ఉన్న పదిహేనేళ్ల కిందటి పన్ను రికార్డు, ఉద్యోగ రికార్డు ఈమెవేనని తేల్చుకునే పని సేవ అందించే దేశానిది. స్వీడన్‌లో నాలుగేళ్లు పనిచేసి జర్మనీకి తిరిగొచ్చిన మనిషి రికార్డు అక్కడ స్వీడిష్ వ్యక్తిగత సంఖ్య మీద ఉంటుంది. జర్మన్ కార్డుకు ఆ సంఖ్య తెలియదు.

సరిహద్దు దాటి తప్పనిసరిగా వచ్చే వివరాలు నాలుగే: ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ, ఒక గుర్తింపు సంకేతం. పుట్టిన ఊరు, చిరునామా వంటివి పంపడం ఆ దేశం ఇష్టం. పేరు పెళ్లితో మారొచ్చు. స్పెయిన్‌లో ఒక్కొక్కరికి రెండు ఇంటిపేర్లు. గ్రీకు, బల్గేరియన్ పేర్లను లాటిన్ లిపిలోకి మార్చినప్పుడు అక్షరాలు అటూ ఇటూ అవుతాయి. లక్ష్మి పేరును ఒక సర్టిఫికెట్‌లో ‘ఎక్స్’తో, ఇంకోదాంట్లో ‘కె ఎస్ హెచ్’తో రాయించుకునే మనకు ఈ బాధ విడమరచి చెప్పక్కర్లేదు.

ఇక మిగిలింది సంకేతం. ఎస్తోనియా పౌరుడికి ఇచ్చే 11 అంకెల సంఖ్య జీవితాంతం ఉండేది. జర్మనీ దారి వేరు. తన సమాచారం ఎక్కడ, ఎలా వాడాలో నిర్ణయించుకునే హక్కు పౌరుడిదేనని 1983లో జనగణన కేసులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. అప్పటి నుంచి అన్ని చోట్లా ఒకే నంబరు అనే ఆలోచనంటేనే అక్కడ అనుమానం. అందుకే జర్మన్ కార్డు ఒక్కో చోటికి ఒక్కో సంకేతం ఇస్తుంది. కార్డు మారితే ఆ సంకేతమూ మారుతుంది, పాత లంకె తెగిపోతుంది.

ఇందులో జరగగల తప్పులు రెండు. తన రికార్డు తనకు దొరకకపోతే పింఛను ఆగుతుంది. వేరొకరి రికార్డు తెరుచుకుంటే ప్రాణం మీదికే రావచ్చు. 2019 జనవరి నుంచి ఫిన్లాండ్ డాక్టరు రాసిన ఎలక్ట్రానిక్ మందుల చీటీతో ఎస్తోనియాలో మందులు కొనొచ్చు. అలాంటి చోట ఒకే పేరు, ఒకే పుట్టిన తేదీ ఉన్న ఇద్దరిని కలిపేస్తే? రెండు దేశాల్లోనూ స్థిరమైన వ్యక్తిగత సంఖ్యలు ఉండటం అక్కడ కలిసొచ్చింది.

అందరికీ మారని సంఖ్య ఉండాలని యూరోపియన్ కమిషన్ 2021లో ప్రతిపాదిస్తే వ్యతిరేకత వచ్చింది. 2024లో వచ్చిన సవరణ ఆ మాట వదిలేసి, సరిపోల్చడం సందేహానికి తావు లేకుండా జరగాలని, దాన్ని అడ్డం పెట్టుకొని పౌరుల కదలికలను చిత్రించకూడదని సభ్యదేశాలకు బాధ్యత అప్పగించింది. 2026 చివరికల్లా ప్రతి దేశమూ తన పౌరులకు డిజిటల్ వాలెట్ ఇవ్వాల్సి ఉంది గనుక ఈ పని ఇంకా పెరుగుతుంది.

నా దృష్టిలో డేటాబేసులు తమలో తాము ఊహించుకుని కలపడం కంటే ఆ మనిషినే అడగడం మేలు. మొదటిసారి పాత లాగిన్‌తోనో, పాత పత్రంతోనో నిరూపించుకోనిచ్చి, ఆ లంకెను ఆ సేవకే పరిమితం చేయాలి. పాత కాగితాలు పోగొట్టుకున్న వలస కూలీకి ఇది చాలదు. అతని కోసం మనిషి కూర్చునే కౌంటరు ఒకటి ఉండి తీరాలి.

జర్మనీలో ఉద్యోగం చేసే తెలుగువాళ్లకూ ఇందులో వాటా ఉంది. వాళ్ల చిప్ ఉన్న నివాస అనుమతి కార్డులోనూ ఆన్‌లైన్ గుర్తింపు సదుపాయం ఉంటుంది. తిరిగొచ్చినవాళ్ల సంగతి వేరు, ఎందుకంటే ఇ-ఐడాస్ భారత్ దాకా రాదు. భారత్, జర్మనీల మధ్య సామాజిక భద్రతా ఒప్పందం 2017 మే 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం అక్కడ చందా కట్టిన కాలాన్ని పింఛను అర్హతకు లెక్కలోకి తీసుకుంటారు. కానీ జర్మన్ పింఛను బీమా సంఖ్యలో పుట్టిన తేదీతో పాటు పుట్టినప్పటి ఇంటిపేరు మొదటి అక్షరం కూడా ఉంటుంది. పాస్‌పోర్టులో పేరూ ఇంటిపేరూ తారుమారైతే ఆ అక్షరమే మారిపోతుంది. అప్పుడు హైదరాబాద్ నుంచి నిరూపించుకోవడానికి మిగిలేవి పాత పాస్‌పోర్టు, ఆ సంఖ్య తెలిపిన ఉత్తరం, కంపెనీ ఇచ్చిన జీతం స్లిప్పులు.